బాలమ్మ కోసం ఆగిన తంగేడు

మొదలుపెట్టే ముందే ఒట్టు వేస్తున్నాను. నా జీపు స్టీరింగు మీద చెయ్యి పెట్టి, మా ఇంటి ఇలవేల్పు మీద, కన్న బిడ్డల మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం.

ఇంత గట్టిగా ఒట్టు ఎందుకని ఇబ్రహీంపట్నం బస్టాండులో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ జీపు యాదగిరి నాగుపాము చూశానంటే వానపామని, చెరువులో పెద్ద చేప పట్టానంటే హోటల్లో చిన్న ముక్క తిన్నాడని అక్కడి వాళ్లు సొంతంగా తగ్గించుకుని వింటారు. ఈసారి మాత్రం ఏమీ తగ్గించకుండా వినండి.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మేవాడు దయ్యాల కథలు చెప్పలేడు, మధ్యలోనే భయపడతాడు. సాగర్ రోడ్డు మీద తెల్లచీర ఆడమనిషి లిఫ్టు అడుగుతుందని మా ప్రాంతంలో చాలా కాలం ఒక పుకారు నడిచింది. ఆ చీరా నాదే, ఆ ఆడమనిషీ నేను పుట్టించిందే. కాబట్టి దయ్యాల వ్యాపారంలో నేను తయారుచేసేవాడినే తప్ప కొనేవాడిని కాదు.

అవి హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులు. విమానాశ్రయమంటారు, రింగురోడ్డంటారు, ఆదిబట్లకు కంపెనీలంటారు. రావిర్యాల నుంచి మంచాల దాకా ఎక్కడ చూసినా చేలల్లో ప్లాట్ల హద్దులకు పాతిన తెల్లరాళ్లు. ఆదివారాలు నగరం నుంచి వచ్చిన పార్టీలను జీపులో ఎక్కించుకుని ప్లాట్లు చూపించడం నా పని. కందికొయ్యలు ఇంకా కాళ్లకు గుచ్చుకుంటున్న చేలో నిలబడి, ఇక్కడ స్విమ్మింగ్ పూల్ వస్తుంది సార్ అని చూపించేవాడిని. నా లాంటి నోటికి అంతకన్నా తగిన పని ఉండదు.

మిగతా రోజులు జీపు ఖాళీ. అట్లా ఖాళీగా ఉన్న ఒక వేసవిలో రజిత వచ్చింది.

రజిత మా ఊరి చేపలు పట్టే వాళ్ల పిల్ల. చెరువు ఎండిపోయిన ఆ ఏళ్లలో వాళ్ల నాన్న నగరం నుంచి చేపలు తెచ్చి, గంప సైకిలు మీద కట్టుకుని అమ్మేవాడు. ఈ పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం, వృక్షశాస్త్రం. నగరంలోని ఒక పెద్ద పరిశోధన సంస్థ డిగ్రీ పిల్లలకు వేసవి ఫెలోషిప్పులు ఇస్తుందని కాలేజీలో ఎవరో చెబితే దరఖాస్తు పెట్టింది. వచ్చింది. సెలవులంతా ఒక శాస్త్రవేత్త కింద పనిచేయాలి, సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని జవాబు వెతకాలి, చివర్లో అందరి ముందు నిలబడి చెప్పాలి. బాగా చెప్పిన వాళ్లను మళ్లీ వేసవికి పిలుస్తారు. తరువాత అక్కడే పీజీకి దారి దొరుకుతుంది. ఆ పిల్లకు ఆ దారి తప్ప ఇంకొకటి లేదు. డిగ్రీ అయిపోతే ఏదో ఒక దుకాణంలో కూర్చోవాల్సిందే.

మిగతా పిల్లలంతా ఏసీ గదుల్లో సీసాలు పట్టుకుంటే, రజిత మాత్రం తంగేడు పట్టుకుంది.

తంగేడు ఆకు సాయంత్రమైతే ముడుచుకుంటుంది. పొద్దంతా విప్పారి ఉండే చిన్న చిన్న ఆకులు పొద్దుగూకేసరికి జంటలు జంటలుగా దగ్గరికి వచ్చి, చేతులు జోడించినట్టు నిలబడతాయి. ఇది మాకందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరమూ చూడం. కాలేజీ నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి రజిత చూసింది. ఒక పొద ముందు ముడుచుకుంటోంది, పక్కది తరువాత. ఎందుకు? అదే ఆమె ప్రశ్న. సంస్థలో ఆమెకు దారి చూపించే మేడమ్ ఒప్పుకుని, తిరగడానికి నా జీపు మాట్లాడించింది.

మంచాల దారిలో ఒక బీడు ఎంచుకున్నాం. నిండా తంగేడే. రోజూ ఎండ తగ్గే వేళకు వెళ్లేవాళ్లం. స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే కోణమానినిని ఆకుల జంట దగ్గర పెట్టి ఎంత తెరుచుకుని ఉందో చూసేది. కాసేపయ్యాక మళ్లీ చూసేది. చీకటి పడేదాకా ఇదే. మొదట నాకు నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ఒక్క పొదను కూడా అందాజుగా చూడలేదు. చెమట కళ్లలోకి కారుతున్నా వంగినచోటే వంగి ఉండేది. నేను అట్లాంటి మనిషిని అంతకుముందు చూడలేదు. నా వృత్తిలో అందాజు లేకపోతే అన్నం లేదు.

ముందుగా ముడుచుకునే పొదలకు గుర్తుగా మెరిసే రంగు దారం కావాలంది. నేనే బజారుకెళ్లి తెచ్చాను. చవగ్గా, గట్టిగా దొరికింది గుడి ముందు అమ్మే ఎర్రదారం. అదే మా ఇద్దరి పొరపాటు. బీడులో పొదపొదకూ ఎర్రదారం కడితే మా జిల్లాలో ఎవరైనా ఏమనుకుంటారో, ఇద్దరమూ ఇక్కడే పుట్టి పెరిగి కూడా ఆలోచించలేదు.

ఆ బీడు అప్పటికే ఒక వెంచరుకు అమ్ముడుపోయింది. సైటు చూసే శ్రీను నాకు తెలిసినవాడే. సోమవారం పొద్దున్నే నా జీపుకు అడ్డంగా బండి పెట్టాడు.

“యాదన్నా, నా వెంచర్ల బాణామతి చేపిస్తున్నవా?”

“బాణామతి గాదు తమ్మీ, సదువు.”

“ఎర్రదారాలు కట్టి ఏం సదువే? నిన్న పార్టీ కారు గూడ దిగలే. గట్ల గట్లనే ఎనకకు మలుపుకొని పోయిన్రు.”

అప్పటికే ఎవరో రెండు పొదల ముందు కొబ్బరికాయ కొట్టారు. ఇంకెవరో నిమ్మకాయలు పెట్టారు. ఒక పొదకు పసుపునీళ్లు కూడా పోశారు. రజిత నిమ్మకాయలకు భయపడలేదు గాని, పసుపునీళ్లకు మాత్రం దాదాపు ఏడ్చింది. “గీ పొద లెక్కల నుంచి పోయింది కాకా” అని దాని దారం విప్పేసింది.

ఆ చెలక మొత్తం వెంటనే చదును చేయిస్తానని శ్రీను పట్టుబట్టాడు. అమావాస్య దాటకముందు ఎర్రదారం తెంపిన చోట ఇల్లు నిలవదని నేను చాలా గంభీరంగా చెప్పాను. శ్రీను ముఖం చూస్తే పని జరిగిందని అర్థమైంది. ఊరు వచ్చాక జీపు దిగుతూ రజిత అంది: “నా పని కోసం అబద్ధం చెప్పకు కాకా. రేపు నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.”

ఇక అసలు విషయం.

ఒక సాయంత్రం నేను ఊరికే జీపు పైకెక్కి కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఎర్రదారాలు కట్టిన పొదలు చెల్లాచెదురుగా లేవు. వరసగా ఉన్నాయి. ఒక పొడుగు గీత, మలుపు, ఇంకో గీత, మళ్లీ మలుపు. ముగ్గు వేసినట్టు నాలుగు పలకల ఆకారం. మధ్యలో అడ్డంగా ఇంకొక గీత. తూర్పు వైపు గీతలో మాత్రం మనిషి పట్టేంత సందు. ఆ సందుకు రెండు వైపులా రెండు పొదలు, వాటికి దారం లేదు.

కిందికి దిగి రజితను పైకి ఎక్కించాను. చాలాసేపు చూసింది.

“ఇల్లు కాకా” అంది.

నిజంగానే ఇల్లు. ఎప్పుడో కూలిపోయిన ఇంటి గోడల పునాదులు మట్టి కింద ఉన్నాయి. తూర్పున ఉన్న సందు దాని వాకిలి. వేళ్లు దిగక, నీళ్లందక వాటి మీద మొలిచిన తంగేడు ముందుగా ముడుచుకుంటోంది. మరునాడు కొంచెం తవ్వి చూస్తే రాళ్లు తగిలాయి. మేడమ్ నగరం నుంచి వచ్చి చూసి ఎంత సంతోషపడిందో చెప్పలేను. ఈ ఒక్కటి చాలు, రజితను మళ్లీ వేసవికి తీసుకోవడం ఖాయమని నాతోనే అంది.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేవాడినే కాదు.

సందు పక్కన దారం లేని రెండు పొదలు ఉన్నాయి కదా, అవి అన్నిటికన్నా ఆలస్యంగా ముడుచుకునేవి. చుట్టూ బీడంతా చేతులు జోడించి నిద్రపోయినా ఆ రెండూ మధ్యాహ్నంలా విప్పారి ఉండేవి. రోజూ ఆ సందులోంచి బాలమ్మ అనే ముసలామె మేకలు తోలుకుని ఇంటికి పోయేది. ఆమె దాటగానే ఆకులు దగ్గరికి వచ్చేవి. ఒకరోజు ఆమె తొందరగా వచ్చింది. తొందరగా ముడుచుకున్నాయి. ఇంకోరోజు బాగా ఆలస్యమైంది. ఆగాయి.

ఆమె కోసమే ఆగుతున్నాయని అన్నాను. రజిత నన్ను చూసి, చాలా మామూలుగా అంది:

“ఆమె వచ్చినంక ముడుసుకుంటున్నయి అంటున్నవ్. మేకలు వచ్చినంక అని గూడ అనొచ్చు గద. రెండూ ఒక్కసారే వస్తున్నయి.”

నా జన్మలో నా దయ్యాన్ని ఎవరూ అట్లా నిలదీయలేదు.

మేకల అడుగుల అదురుకు ఆకులు ముడుచుకోవచ్చు, వాటి ఒళ్లు రాసుకున్నా ముడుచుకోవచ్చు. కాబట్టి విడదీసి చూడాలంది. ఒకరోజు బాలమ్మ లేకుండా మేకలు రావాలి, ఇంకోరోజు మేకలు లేకుండా బాలమ్మ రావాలి. మేకలు ఎవరు తోలాలి? నేనే.

బాలమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. “నా మేకలు నీ ఎంబడి ఎట్ల వస్తయి కొడుకా? నీ మొఖం ఎన్నడన్న చూసినయా?”

“నువ్వు చెప్పు పెద్దమ్మా, వస్తయి.”

“వాటికి నేను చెప్పుడేంది, నీకు నడుసుడు వస్తె చాలు.”

ఆ సాయంత్రం నేను పడ్డ పాట్లు చెప్పను. ఒక మేక రోడ్డెక్కింది, ఇంకొకటి నా లుంగీ అంచు నమిలింది. ఎట్లాగో ఆ సందులోంచి మందనంతా దాటించాను. రెండు పొదలకూ ఒళ్లు రాసుకుంటూ పోయాయి. ఆకు కదలలేదు. చీకటి చిక్కబడి కోణమానిని మీద గీతలు కనబడకుండా పోయేదాకా చూశాం. తెరుచుకునే ఉన్నాయి.

మరునాడు మేకలను ముందే ఇంటికి పంపించి బాలమ్మ ఒక్కతే వచ్చింది. చేతిలో కర్ర కూడా లేదు. సందు దాటింది. మా కళ్లముందే రెండు పొదల ఆకులూ దగ్గరికి వచ్చి ముడుచుకున్నాయి.

రజిత అంతటితో ఒప్పుకోలేదు. నా కళ్లు నేను అనుకున్నదే చూస్తాయంది. ఆ తరువాత నన్ను ఆ రెంటిలో ఒక పొద ముందు, సందుకు వీపు చేసి కూర్చోబెట్టి, బాలమ్మ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో లేదో నాకు చెప్పకుండా తాను పోయి ఆమెతో ముచ్చట్లు పెట్టేది. నేను చూడాల్సింది ఆకును మాత్రమే. ముడుచుకోగానే అరవాలి. నేను అరిచిన ప్రతిసారీ వెనక్కి తిరిగితే బాలమ్మ సందులోనే ఉండేది. మూడు నాలుగు సాయంత్రాలు ఇట్లాగే చేశాం. ఒక సాయంత్రం ఆమె మంచాల ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. ఆ సంగతి నాకు తెలియదు. చీకటిలో ఆకు కనబడక వేలితో తడిమి చూశాను. తెరిచిన ఆకు వేలికి బల్లపరుపుగా తగిలింది.

రజిత బాలమ్మనే అడిగింది. ఆ ఇల్లెవరిదని. “గది మా ఇల్లే బిడ్డా. నేను గాడనే పుట్టిన” అంది బాలమ్మ. నీ కోసం ఆకులెందుకు ఆగుతాయని అడిగితే, మేకను తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

మరునాడు రజిత పొదల దగ్గర ఉండగా నేను బాలమ్మ వెంట కొంతదూరం నడిచాను. అప్పుడు చెప్పింది. చిన్నప్పటి నుంచీ మేకలు కాసేది తానే. ఎంత పొద్దుపోయినా, తాను గడప దాటేదాకా వాళ్ల అవ్వ, అంటే తల్లి, తలుపు వేసేది కాదట. పొయ్యి ఆర్పేది కాదట. “మా అవ్వ గా దర్వాజకాడనే కూసుంటుండె కొడుకా, రెండు దిక్కుల రెండు తలుపులు తెరిసి పెట్టుకొని.”

పరుగున వచ్చి రజితకు చెప్పాను. ఆమె కోణమానిని కింద పెట్టింది. ఆమె కళ్లు తడవడం చూశాను. కాని అడిగింది మాత్రం ఒకటే:

“నేను అడిగితె చెప్పలే గద?”

“సిగ్గుపడ్డది గావచ్చు.”

“మరి నేను ఇనలే కాకా. నువ్విన్నవ్.”

అందరి ముందు చెప్పాల్సిన చివరి రోజుకు ముందు మేడమ్ ఆమెను పిలిపించింది. నేను వరండాలోనే ఉన్నాను, అన్నీ వినబడ్డాయి. “ఆ రెండు పొదలు వదిలెయ్ రజితా. ఇంటి గోడల సంగతి చెప్పు, అది చక్కటి పని, ఎవరూ కాదనలేరు. రెండు పొదల కోసం మొత్తం పాడుచేసుకోకు. నవ్వుతారు.” ఆమె కోపంగా చెప్పలేదు, పిల్ల మేలు కోరే చెప్పింది.

తిరుగుదారిలో నేనూ సలహా ఇచ్చాను. వదిలేస్తే పూర్తిగా వదిలెయ్, చెబితే అవ్వ సంగతి కూడా కలిపి చెప్పు అన్నాను. అవ్వ ఉంటే జనం నవ్వరు, ఏడుస్తారు. నాకు జనం సంగతి తెలుసు.

రజిత కిటికీలోంచి బయటకు చూస్తూ అంది: “చూసింది వదిలిపెడితె అబద్ధమే. చూడంది కలిపినా అబద్ధమే.”

చివరి రోజు సంస్థ హాలుకు నేనూ, వాళ్ల నాన్నా పోయాం. వెనక వరసలో కూర్చున్నాం. ఆయన చేపల వాసన వస్తుందేమోనని రెండుసార్లు స్నానం చేసి వచ్చాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు, ఇంగ్లిషు మాట్లాడే పిల్లలు. రజిత ఇంగ్లిషు మెల్లగా నడిచింది గాని ఆగలేదు. గోడల సంగతి చెప్పినప్పుడు చాలామంది తలలూపారు. అక్కడ ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. రెండు పొదల సంగతి చెప్పింది, మేకల సంగతి చెప్పింది, నన్ను వీపు తిప్పి కూర్చోబెట్టిన సంగతీ చెప్పింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

తెల్లగడ్డం ఆయన ఒకరు లేచి, దీనికి నీ వివరణ ఏమిటమ్మా అని తెలుగులోనే అడిగారు.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. అవ్వ నా నాలుక చివర ఉంది. ఆ పిల్లకు కూడా గుర్తొచ్చి ఉంటుంది.

“నాకు తెలియదు సార్” అంది. “ఇట్లా జరిగింది. ఎందుకో తెలియదు.”

మళ్లీ వేసవికి పిలుస్తూ సాయంత్రం చదివిన పేర్లలో రజిత పేరు లేదు. తిరిగి వస్తుంటే జీపులో వాళ్ల నాన్న అడిగాడు, ఏమైందని.

“తెల్వదని చెప్పిన బాపు.”

ఆయన ఒళ్లో ఉన్న రొట్టెల మూట విప్పాడు. “మరి తెల్వకపోతే తెల్వదనే అంటరు గద” అని, రొట్టె ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టాడు.

కొన్నిరోజుల తరువాత తెల్లగడ్డం ఆయన, మేడమ్ కలిసి వచ్చారు. తమ కళ్లతో చూడాలని. అమావాస్య దాటింది కదా, శ్రీను మాట నిలబెట్టుకున్నాడు. బీడంతా చదును. తంగేడు లేదు, పునాది రాళ్లు లేవు, సందు లేదు. ఎర్రమట్టి మీద తెల్లరాళ్లు వరసగా పాతి ఉన్నాయి. ఆయన ఆ మట్టిలో చాలాసేపు తిరిగారు. తరువాత రజితను పిలిచి, వచ్చే వేసవికి నా దగ్గరికి రా అన్నారు. ఇంకేమీ అడగలేదు.

పోయింది. అక్కడే పీజీ చేసింది, ఆ పైదీ చేసింది. ఇప్పుడు వేసవి వస్తే డిగ్రీ పిల్లలు ఆమె దగ్గరికే వస్తారు. నేను చాలామంది గొప్పవాళ్లను జీపులో తిప్పాను. తిప్పినవాళ్లలో ఎవరిని తలుచుకుంటే గర్వంగా ఉంటుందని అడిగితే, కోణమానిని పట్టుకుని వంగిన ఆ పిల్లనే చెబుతాను.

ఆ రెండు పొదల సంగతి మాత్రం ఆమె ఇప్పటికీ తేల్చలేకపోయింది. నేనైతే అసలే తేల్చలేను. రాత్రి పడుకున్నప్పుడు, విప్పారిన ఆకు వేలికి తగిలిన స్పర్శ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఇక ఒట్టు గురించి. నా బిడ్డల మీద వేశాను కాబట్టి ఒక మాట సరిచేయాలి. గోడలు నిజం. మేకలు నిజం. బాలమ్మ దాటితే ఆకులు ముడుచుకోవడం నిజం, ఆమె రాని రోజు తెరిచే ఉండడమూ నిజం. ఆమె అవ్వ మాత్రం నేను కల్పించింది. ఆ రోజు బాలమ్మ వెంట నడిచిన మాట వాస్తవమే గాని, ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్ల అవ్వ ఎట్లాంటిదో నాకు తెలియదు. ఏ కారణమూ లేకుండా ఆకులు అట్లా ఎదురుచూడడం నేను భరించలేకపోయాను. అందుకే గడప దగ్గర ఒక తల్లిని కూర్చోబెట్టాను. హాలులో రజిత నోరు జారి ఆ తల్లి మాట ఎత్తి ఉంటే, ఆమె చెప్పిన వాటిలో అదొక్కటే అబద్ధమయ్యేది.